పట్టీ చివర రింగు

కంభంలో ఒక ఇంటి మెట్లకు ఎంత రాయి పడుతుందో కొలిచి, మార్కాపురం వచ్చే బస్సెక్కాను. గిద్దలూరు నుంచి వస్తున్న బస్సు అది. కిటికీ పక్కన తలకు రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కంబళి. దాని వాసనను బట్టి గొర్రెలు కాసే మనిషని తెలిసింది. ముందు సీట్లో ఆయన కోడలు. ఆయన పక్కన చోటుంటే కూర్చున్నాను.

నేను టికెట్టు తీసుకుని జేబులో పెట్టుకునేటప్పుడు ఆయన కుడి ముంజేయి కనపడింది. నీళ్ళ పైపును నిలువునా కోసి, వేడి చేసి, చేతి వంపుకు తగ్గట్టు వంచి చేసిన తెల్లటి బద్ద కట్టి ఉంది. దాన్ని పట్టీలతో బిగించారు. ప్రతి పట్టీ చివరా తాళంచెవులు గుచ్చుకునే చిన్న స్టీలు రింగు దారంతో కుట్టి ఉంది.

నా చూపు ఆ రింగు దగ్గరే ఆగిపోయింది.

పక్షవాతం వచ్చిన చేతి మీది పట్టీని ఇంకో చెయ్యి ఒక్కటే బిగించాలి. ఒంటిచేతికి పట్టీ చివర దొరకదు. ముసలి వేళ్ళు దాన్ని గట్టిగా పట్టి లాగలేవు. రింగు ఉంటే అందులో ఏదో ఒక వేలు దూర్చి లాగొచ్చు. ఇంకొకరు వచ్చి కట్టే పని ఉండదు. అలా రింగు కుట్టే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. కానీ ఒకరు కుట్టింది పదిమంది చూస్తారు, చూసి నేర్చుకుంటారు. రింగు కనిపించినంత మాత్రాన ఇది ఆమె పనే అనుకోవడానికి లేదు. పెద్దాయనను అడిగితే తెలిసిపోతుంది. అడగలేకపోయాను. అడగనంతసేపు రెండు జవాబులకూ సమానంగా చోటుంటుంది. అడిగాక ఒకటే మిగులుతుంది. ఆ మిగిలేది ఏదోనని భయం వేసింది.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక ఒక ట్రస్టు వాళ్ళు నడిపే గది ఉండేది. బోర్డు మీద ఆక్యుపేషనల్ థెరపీ అని ఇంగ్లీషులో రాసి ఉండేది. ఊళ్ళో మాత్రం దాన్ని చేతుల గది అనేవాళ్ళు. పక్షవాతం వచ్చినవాళ్ళు, రాయి పడి వేళ్ళు నలిగినవాళ్ళు, పుట్టుకతోనే చెయ్యి ముడుచుకున్న పిల్లలు అక్కడికి వచ్చేవాళ్ళు. డిగ్రీ చదివిన థెరపిస్టు మేడం శనివారం శనివారం ఒంగోలు నుంచి వచ్చేది. చిన్న వయసు. ఎవరికి ఏం చేయించాలో రాసిపెట్టి సాయంత్రం బస్సుకు పోయేది. మిగిలిన రోజులు అది చేయించేది అసిస్టెంటు. మేడం రాసింది చేయించాలి తప్ప, ఏది చేయించాలో తేల్చే అధికారం అసిస్టెంటుకు లేదు.

నేను చెప్పేది ఆ అసిస్టెంటు గురించే.

లారీలోంచి రాయి జారి నా కుడిచేతి వేళ్ళు నలిగినప్పుడు నేను ఆ గదికి పోయాను. కుట్లు మానాయి గానీ వేళ్ళు కట్టెల్లా అయిపోయాయి. అప్పటికి నా పని రాయి కొలిచి చదరపు అడుగులు లెక్క కట్టడం. ఏడో తరగతితో బడి మానేసినా, పాత పుస్తకాలు కొనుక్కుని లెక్కలు సొంతంగా నేర్చుకున్న మనిషిని. అంకెలు రాయలేని చెయ్యి నాకు చెయ్యే కాదనిపించింది.

ఆమె నా వేళ్ళు చూడకముందే అడిగింది.

"నీకేం పని కావాల అన్నా?"

"పని ఉందమ్మా. చేతి కోసం వచ్చినా."

"అదే అడుగుతన్నా. చెయ్యి బాగైతే ముందు ఏం చేస్తావు?"

"అంకెలు రాస్తా."

"అంకెలు సరే. అన్నం?"

"మా యామె కలిపి పెడతంది."

ఆమె ముఖం మారిపోయింది. బయట బెంచీ మీద కూర్చున్న నా భార్యను లోపలికి పిలిచింది. మొదటిసారి చూస్తున్న మనిషిని పట్టుకుని, "వదినా, అన్నంటే నీకేమన్నా పగా?" అంది.

"ఇదేం మాటమ్మా?" అని నా భార్య బిత్తరపోయింది.

"మరి ముద్దలు పెడతన్నావేంది? నువ్వు పెడతంటే ఆ చెయ్యి ఎందుకు లేస్తాది? దానికేం పని?"

"నొప్పికి అల్లాడతంటే చూస్తా కూచోమంటావా?"

"కూచోబాక. నిలబడు. చేతులు యెనక్కి పెట్టుకుని నిలబడు. నేను అట్లనే నిలబడతా."

అది వేళాకోళం కాదు. నిజంగానే అలా నిలబడేది. ఎవరైనా పెద్దమ్మ చెంచాతో అటుకులు తీసుకోవడానికి పాట్లు పడుతుంటే, ఈమె ఎదురుగా నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేది. ఒక చేత్తో ఇంకో మణికట్టును గట్టిగా పట్టుకునేది. దూరం నుంచి చూస్తే పెత్తనం చేసే మనిషిలా కనపడేది. దగ్గరకు పోయి చూస్తే ఆ పట్టుకున్న చోట చర్మం ఎర్రగా కందిపోయి ఉండేది. చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయినప్పుడు చూడాలి. ఆ చేతులు విడిపించుకుని ముందుకు వచ్చేసేవి. ఒక వేలితో చెంచాను అలా పైకి నెట్టేది. వెంటనే నాలుక కరుచుకునేది. "సాయం చెయ్యకూడదని మేడం ఎన్నిసార్లు తిట్టినా నాకు బుద్ధి రాదన్నా" అనేది.

మా వైపు ఇళ్ళల్లో ప్రేమంటే అదే. ఒంట్లో బాగాలేని మనిషి చేత ఏ పనీ చేయించకూడదు. తినిపించాలి, తల దువ్వాలి, గుండీలు పెట్టాలి. చెయ్యి పడిపోయినవాళ్ళను ఎంత బాగా చూసుకుంటే ఆ చెయ్యి అంత తొందరగా మూలపడేది. ఆమె కొట్లాట అంతా ఆ ప్రేమతోనే. అందులో సగం తనతో తనకే.

గదిలో సామాను చూస్తే నవ్వొచ్చేది. ఫ్యాక్టరీల్లో విరిగిపోయిన బలపాలు నూనె డబ్బా నిండా ఉండేవి. ఒక్కొక్కటే వేళ్ళతో ఏరి ఇంకో డబ్బాలో వెయ్యాలి. జొన్నరొట్టె తట్టడానికి పీట. చీపురు, గరిటె, గడ్డం గీసుకునే కత్తి, అన్నింటి పిడికీ పాత సైకిలు ట్యూబు చుట్టి లావు చేసేది. సన్నటి పిడి పట్టలేని చెయ్యి లావు పిడిని పడుతుంది. బద్ద చేసినప్పుడు దాని అంచులు నాపరాయి మీద రుద్దేది. రుద్దిన అంచును ముందు తన బుగ్గకు ఆనించి చూసుకుని, గీరుకోకపోతే అప్పుడు రోగికి కట్టేది.

ఆమె ఇంటి సంగతులు మాకు పెద్దగా తెలియవు. తల్లితో ఉంటుందని తెలుసు. పెళ్ళి గురించి ఎవరైనా కదిపితే, "ముందు ఆ మణికట్టు తిప్పు, తర్వాత నా పెళ్ళి చేద్దువు" అనేది. అడిగినవాళ్ళు మణికట్టు తిప్పుకుంటూ కూర్చునేవాళ్ళు.

వేలు ఎంత వంగిందో చూడటానికి ఒక పరికరం ఉండేది. రెండు స్టీలు రేకులు, మధ్యలో మేకు, దాని చుట్టూ డిగ్రీలు. అంకెలంటే ఇష్టమున్న వాణ్ణి గదా, నాకు అది చూస్తే పండగ. కొన్నాళ్ళు గమనించాక ఒక సంగతి పట్టుకున్నాను. ఆమె దాన్ని ఎదురుగా చూసి చదవదు, పక్కనుంచి వాలుగా చూసి చదువుతుంది. అందువల్ల ప్రతిసారీ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువే వస్తుంది.

ఉండబట్టలేక చెప్పాను. "అమ్మా, నువ్వు చదివే తీరులో తప్పుంది."

"తెలుసన్నా."

"తెలిసీ అట్లనే చదువుతన్నావా?"

"రొండు డిగ్రీలు ఎక్కువొస్తే మనిషి నవ్వుతా ఇంటికి పోతాడు. మల్లా రేపు వస్తాడు. నీకేంది నష్టం?"

నాకు కోపం వచ్చింది. కానీ ఆ రోజు నా చూపుడువేలుకు ఎక్కువ డిగ్రీలు చెప్పినప్పుడు నేనూ నవ్వుతూనే ఇంటికి పోయాను.

ఆ అలవాటు ఒక రోజుతో పోయింది.

పెద్దారవీడు నుంచి ఒక ముసలామె వచ్చేది. పక్షవాతంతో పిడికిలి బిగుసుకుపోయి, గోళ్ళు అరచేతిలో గుచ్చుకునేవి. పిడికిట్లో మెత్తటి గుడ్డ చుట్ట పెట్టమని మాత్రమే మేడం రాసిపోయింది. ముసలామె కొడుకు ఆగలేదు. "ఎన్నాళ్ళు తిరగాలమ్మా? చెయ్యి తెరుచుకున్నట్టే కనపళ్ళేదు. గొడ్లను ఎవురు చూసుకుంటారు? శనారం దాకా ఆగాల్నా దీనికి?" అని గదిలోనే అరిచాడు. ఈమెకు జాలి వేసింది. పైపు కోసి, కాల్చి, చదునుగా బద్ద చేసింది. మణికట్టునూ వేళ్ళనూ కలిపి నిటారుగా చాపి కట్టేసింది. ముసలామె చెయ్యి పలకలా తెరుచుకుంది. గదిలో ఉన్న మేమంతా చప్పట్లు కొట్టాం. కొడుకు దండం పెట్టాడు.

శనివారం మేడం ముందు బద్ద విప్పారు. చెయ్యి వాచిపోయింది. మణికట్టు దగ్గర పుండు పడింది. ముసలామె ఎవరినీ ముట్టనివ్వలేదు.

మేడం అరవలేదు. నెమ్మదిగానే అడిగింది. "మణికట్టూ వేళ్ళూ రెండూ ఒకేసారి ఎందుకు చాపారు?"

ఈమె తల దించుకుంది. "ఎందుకు చాపకూడదు మేడం?" అంది. ఎదురు చెప్పడం కాదు, నిజంగా తెలియక అడిగింది.

మేడం ఆమె వైపు చూసింది, గదిలో కూర్చున్న జనం వైపు చూసింది. "అది ఇప్పుడు రెండు మాటల్లో చెప్తే అయ్యేది కాదు. కోర్సులో చెప్తారు" అంది.

పుండు మానింది. ముసలామె కూడా కోపం మర్చిపోయింది. ఈమె మర్చిపోలేదు. ఆ తర్వాత డిగ్రీలు ఎదురుగా చూసే చదివేది. అంకెలు తగ్గాయి. అందరి ముఖాలూ చిన్నబోయాయి. ఒక మధ్యాహ్నం గది ఖాళీగా ఉన్నప్పుడు బలపాలు సర్దుతూ నాతో అంది.

"ఇన్నేండ్ల నుంచి చేతులు పట్టుకుంటన్నానన్నా. ఎట్ల చెయ్యాలంటే చెప్తా. ఎందుకు అంటే ఒక్కదానికీ జవాబు లేదు. జవాబు తెలీని చెయ్యి ఒకరి మీద పెట్టాలంటే భయమైతంది."

ఆ భయమే ఆమెను డిగ్రీ వైపు తోసింది. తమిళనాడులో ఒక కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ ఉందని మేడమే చెప్పింది. నాలుగేళ్ళు చదువు, ఆపైన కొన్నాళ్ళు ఆసుపత్రిలో పని. చేరాలంటే ఇంటర్లో సైన్సు ఉండాలి. ఈమె చదివింది చరిత్ర, పౌరశాస్త్రం. కాబట్టి మళ్ళీ ఓపెన్ ఇంటర్ కట్టింది. జీవశాస్త్రం సులువుగా పోయింది, రసాయనం బట్టీ పట్టింది. భౌతికశాస్త్రం దగ్గర పడింది. ఒకసారి తప్పింది. మిగిలింది సప్లిమెంటరీ ఒక్కటే. ఆ కాలేజీ వాళ్ళు పెట్టిన వయసు హద్దు ప్రకారం ఆమెకు అదే ఆఖరి ఏడాది. ఈసారి తప్పితే, జీవితాంతం మేడం రాసిపెట్టిన కాగితం చూసుకుంటూ ఉండాల్సిందే.

నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కాదు. కానీ అందులో లెక్కలు ఉంటాయి గదా. ఆమె పుస్తకం ఇంటికి తెచ్చుకుని ముందు నేను చేసేవాణ్ణి. మర్నాడు మధ్యాహ్నం ఆమెకు చెప్పేవాణ్ణి. గది వెనక చట్రం లేని పలకలు గుట్టగా పడి ఉండేవి. అందులో ఒకటి ఒళ్లో పెట్టుకుని, నా పనికిరాని వేళ్ళ మధ్య బలపం ఇరికించి, లెక్క రాసేవాణ్ణి. అది నా వైద్యం. దాని కింద ఆమె జవాబు కట్టేది. అది ఆమె చదువు. బలపం నా వేళ్ళలోంచి జారిపోతుంటే ఆమె చేతులు వెనక్కి పోయేవి. ఆమె తప్పు దారిలో పోతుంటే నేను పెదవులు బిగబట్టుకునేవాణ్ణి. నోరు తెరవబోతే చాలు, "చెప్పబాక అన్నా, చెప్పబాక" అనేది. నేను ఆమె దగ్గర నేర్చుకున్నదే ఆమెకు నా దగ్గర కావాల్సి వచ్చింది.

ఆమె తప్పులు ఎక్కడొస్తాయో నాకు తెలిసిపోయింది. జవాబు సరిగ్గా కట్టి, పక్కన యూనిట్టు రాయడం మర్చిపోయేది. "మీటరా, మీటర్లో నూరో వంతా? రాయకపోతే అది జవాబు కాదమ్మా, వట్టి అంకె" అనేవాణ్ణి. "నువ్వు అర్థం చేసుకో అన్నా" అనేది. "పేపరు దిద్దేవాడు నీకు అన్న కాదు గదా!" అనేవాణ్ణి.

అన్నింటికంటే భయం గిలకల లెక్కలంటే. "గిలక ఒకటైతే తెలుస్తంది. రెండైతే తాడు యాడికి పోతందో నాకు పట్టుబళ్ళేదు" అనేది. చివరకు ఆమె పట్టీలు కుట్టే దారపు రీళ్ళు రెండు ఖాళీవి తీసుకుని, కిటికీ ఊచకు ఒకటి, కుర్చీకి ఒకటి కట్టి, వాటి మీదుగా లంగా బొందు పోనిచ్చాను. "తాడు ఒకటే. దాని పొడవు మారదు. ఒక పక్క ఎక్కువ తీసుకుంటే ఇంకో పక్క తగ్గి తీరాలి. రెండు పక్కలా నేనే లాగుతానంటే కుదరదు" అన్నాను. ఆమె ఆ బొందును ఇటు లాగి, అటు లాగి, చాలాసేపు ఆడుకుంది. చిన్నపిల్లలా ఏంటిది అనుకున్నాను.

ఈ సంగతి గదిలో అందరికీ తెలుసు. లారీ తోలి తోలి పక్షవాతంతో ఇంట్లో కూర్చున్న ఒక తాత రోజూ వచ్చేవాడు. ఒక రోజు అందరూ ఉండగా అన్నాడు.

"అమ్మా, నువ్వు పాసై పోతే మా చేతులు ఎవురు తిప్పాల? నువ్వు ఫెయిలైతే టెంకాయ కొడతానని దేవునికి మొక్కుకున్నా."

ఆమె బలపాల డబ్బా కింద పెట్టింది.

"ఏ చేత్తో మొక్కినావు తాతా?"

"రొండు చేతుల్తో మొక్కరా ఎవరైనా?"

"యాదీ, చూపీ."

తాత ఎడమ చేతిని కుడిచేత్తో లేపి దగ్గరకు తెచ్చాడు. సగం దూరం వచ్చాక ఎడమ చెయ్యి తనంతట తానే వచ్చి కుడిచేతిని తాకింది. కాస్త వంకరగా, కానీ తాకింది.

"రొండూ కలిసినాయి గదా! నాకంటే ముందు నువ్వే పాసైతివి. ఇంగ టెంకాయ నాకు కొట్టు" అంది.

అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా ఉంగరం వేలు ఇంకా అరచేతిని తాకడం లేదు. ఆమె పోతే అది అక్కడే ఆగిపోతుందని నాకు దాదాపు రూఢిగా తెలుసు. ఆమెకు ఒక్కో లెక్క వచ్చిన కొద్దీ మా గది ఒక్కో మెట్టు ఖాళీ అవుతోంది. ఆమెకు రాకపోతే అంతకంటే పెద్ద దిగులు. ఎటు కూడినా మిగిలేది కలతే.

హాల్‌టికెట్టు దగ్గర ఇంకో గండం. రాష్ట్రం అప్పుడే విడిపోయింది. ఆఫీసు కాగితాలు కొన్ని హైదరాబాదులో ఉన్నాయంటారు, కొన్ని విజయవాడకు వచ్చాయంటారు. ఏ నంబరుకు ఫోను చేసినా ఇంకో నంబరు ఇచ్చేవాళ్ళు. పరీక్ష దగ్గరపడుతున్నా టికెట్టు రాలేదు. ఆమె మాత్రం బద్దల అంచులు రుద్దుతూనే ఉంది. రుద్దిన దాన్నే మళ్ళీ మళ్ళీ రుద్దేది. ఆఖరికి అది వచ్చింది, పేరులో ఒక అక్షరం తప్పుతో. అక్షరం తప్పుంటే రానిస్తారా, రానివ్వరా అని ఇంకో దిగులు. రానిచ్చారు.

ఒంగోలులో పరీక్ష రాసి, బయటకు రాగానే నాకు ఫోను చేసింది. చుట్టూ బస్సుల హారన్లు.

"గిలకలు వచ్చినాయన్నా!"

"ఎన్ని?"

"రొండు. తాడు యాడికి పోతందో కనుక్కున్నా."

"యూనిట్లు రాసినావా?"

హారన్లు మాత్రం వినపడుతున్నాయి.

"రాసినాననే అనుకుంటన్నా."

ఆ "అనుకుంటన్నా" ఫలితాలు వచ్చేదాకా నన్ను నిద్రపోనివ్వలేదు. పని మధ్యలో రాయి కొలుస్తూ కొలుస్తూ, ఆమె ఏ లెక్కకు యూనిట్టు వదిలేసి ఉంటుందో, దానికి ఎంత కోస్తారో, అది పోయినా గట్టెక్కుతుందో లేదో మనసులో కట్టుకునేవాణ్ణి. ఒకసారి గట్టెక్కేది, ఇంకోసారి మునిగేది.

గట్టెక్కింది, అంచు మీద. ఆ తర్వాత కాలేజీ వాళ్ళ ప్రవేశ పరీక్ష, జాబితా, సీటు. ఇవన్నీ ఊపిరి తిప్పుకునేలోపు జరిగిపోయాయి.

పోయే రోజు పొద్దున బస్టాండుకు వెళ్ళాను. ఆమె తల్లి పక్కన నిలబడి ఉంది. ఆమె తెచ్చుకున్న బ్యాగు జిప్పు తెగిపోయి నోరు తెరుచుకుని ఉంది. నేను పక్క దుకాణంలో తాడు అడిగి తెచ్చి, బ్యాగు చుట్టూ వేసి, ముడి వెయ్యడానికి కూర్చున్నాను. కుడిచేతి వేళ్ళకు తాడు దొరకడం లేదు. దొరికినా జారిపోతోంది. కండక్టరు తొందర పెడుతున్నాడు. ఆమె తల్లి, "నువ్వన్నా పట్టుకోవే" అంది. ఆమె చేతులు ఒకసారి ముందుకు వచ్చాయి. ఆగిపోయాయి. వెనక్కి పోయాయి. నేను తల ఎత్తలేదు గానీ తెలుస్తూనే ఉంది, మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంటుంది. ముడి పడేదాకా ఆమె బస్సెక్కలేదు. కండక్టరు చేత తిట్లు తింది.

"గట్టిదేనా?" అని తాడు లాగి చూసింది. "ఉంటాదన్నా" అంది. మెట్టెక్కుతూ వెనక్కి తిరిగి, "ఉంగరం వేలు మేడంకు చూపీ. సిగ్గుపడబాక" అంది. అంతే.

తర్వాత కొన్నాళ్ళు ఫోన్లు వచ్చాయి. అక్కడి భాష రాదని, శవాన్ని కోసి చూపించే తరగతిలో కళ్ళు తిరిగాయని చెప్పింది. తర్వాత ఆ నంబరు పలకలేదు. తల్లి కూడా ఊరు వదిలి ఎవరో బంధువుల దగ్గరకు పోయింది. చేతుల గది కొన్నాళ్ళు శనివారాలు మాత్రం తెరిచారు. తర్వాత అదీ లేదు. కరోనా వచ్చి కాలేజీలు మూసేసినప్పుడు, ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయిందేమోనని భయపడ్డాను. రెండో ఏడాదే మానేసిందని ఒకరు చెప్పారు. చెన్నైలో బట్టల కంపెనీలో కుడుతోందని ఇంకొకరు. ప్రతి కబురునూ కొంత నమ్మాను. ఏదీ పూర్తిగా నమ్మలేకపోయాను. నా ఉంగరం వేలు ఇప్పటికీ అరచేతికి కొంచెం దూరంలోనే ఆగుతుంది. అంకెలు రాస్తాను. అన్నం కలుపుకుంటాను.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే బస్సు దారిలో సగం దాటిపోయింది. గుంతలో పడి ఎగిరింది. పెద్దాయన చేతి పట్టీ ఒకటి ఊడిపోయింది. నా చెయ్యి నాకు తెలియకుండానే అటు పోయింది.

"వద్దు నాయనా" అని ఆయన చేతిని కిటికీ వైపు జరుపుకున్నాడు. "నేనే పెట్టుకోవాల."

ఇంక ఆగలేకపోయాను. "ఎవరు కట్టినారు పెద్దాయనా?"

"గిద్దలూరులో డాక్టరమ్మ. నెలకు రొండుసార్లు వస్తాది."

డాక్టరమ్మలు ఎందరో ఉంటారు. "నొప్పి తగ్గిందా?" అన్నాను. అడగాలనుకున్నది అది కాదు.

ఆయనకు మాట్లాడే మనిషి దొరికాడు. "మొదట ఆమెతో కొట్లాడినా. మణికట్టు ఒకటే చాపి కట్టింది. వేళ్ళు ముడిసినట్టే ఉండాయి. ఏందమ్మా, సగం పని చేసి పంపిస్తన్నావు అన్నా. దానికి ఆమె, రొండు గిలకల మీద ఒకే తాడు పోతందనుకో తాతా అని మొదలుపెట్టింది. మణికట్టు ఒక గిలకంట. వేలు ఇంకో గిలకంట. నరం తాడంట. తాడు ఒకటే గదా, ఒక పక్క లాగినప్పుడు ఇంకో పక్క వదలాలంట. రొండు పక్కలా ఒకేపారి లాగితే గిలక కాడ పుండు పడతాదంట." ఆయన ఎడమచేత్తో గాలిలో తాడు లాగి చూపించాడు. "అట్ల అని, వేళ్ళ సంగతి తర్వాత చూస్తామనింది."

నేను కిటికీలోంచి బయటకు చూశాను. కళ్ళు సరిగ్గా కనపడలేదు.

"ఏది ఎందుకు చేస్తందో అట్ల అందరికీ చెప్తాదా?" అన్నాను.

"అడిగినా చెప్తాది, అడక్కపోయినా చెప్తాది. ఇనలేక మన చెవులు నొప్పి పుట్టాల" అని ముందు సీట్లోంచి కోడలు నవ్వింది. "చెయ్యి మాత్రం ముట్టదు. మామ పట్టీ పెట్టుకోలేక చస్తంటే, చేతులు యెనక్కి పెట్టుకుని చూస్తా నిలబడతాది. నన్నూ అట్లనే నిలబెడతాది."

బస్సు మార్కాపురం బస్టాండులోకి తిరిగింది. జనం లేచారు. పెద్దాయన నడవలో నిలబడి, ఊడిన పట్టీని బద్ద మీదకు తెచ్చుకుని, రింగు కోసం ఎడమచేతి వేలు చాపాడు. వేలు రింగును తాకి జారిపోయింది. మళ్ళీ చాపాడు.

"దిగు పెద్దాయనా, దిగి పెట్టుకో!" అని కండక్టరు అరిచాడు. వెనక జనం తోస్తున్నారు. "కాస్త పట్టుకోవయ్యా, పక్కనే ఉండావు గదా!" అని ఎవరో నా భుజం తట్టారు.

నేను ఆయనకూ జనానికీ మధ్య అడ్డంగా నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. ఒక చేత్తో ఇంకో మణికట్టును పట్టుకున్నాను. అది ఎంత గట్టిగా పట్టుకోవాలో నాకు అప్పుడు తెలిసింది.

పెద్దాయన చిటికెనవేలు రింగులోకి పోయింది. పట్టీ లాగాడు. బిగుసుకుంది.